జెన్షిన్ ఇంపాక్ట్ రిడీమ్ కోడ్స్: ఎలా వాడాలి, నిజంగా ఎంత వస్తుంది, ఎక్కడ మోసపోతాం?

పోయిన ఏడాది ఒక రాత్రి 11 దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. హనుమకొండలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడప్పుడు. "అన్నా, నా ప్రైమోజెమ్స్ అన్నీ పోయినయ్" అన్నాడు. గొంతు వింటే పర్సు పోగొట్టుకున్నవాడిలా ఉంది. 14,080 ప్రైమోజెమ్స్. ఆ నంబర్ వాడికి నోటికొచ్చు. ఎందుకంటే నాలుగు నెలలు ఒక్క విష్ కూడా చేయకుండా రైడెన్ షోగన్ రీరన్ కోసం దాచుకున్నాడు. ఏమైందిరా అని అడిగితే, "ఏం లేదన్నా, ఒక కోడ్ రిడీమ్ చేసిన, అంతే" అన్నాడు.

ఆ కోడ్ సంగతి కిందకి వచ్చాక చెప్తాను. దాని వల్లే ఈ ఆర్టికల్ రాస్తున్నా. రిడీమ్ కోడ్స్ లిస్ట్ ఇచ్చే పేజీలు చాలా ఉన్నాయి. అసలు ఈ కోడ్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఎంటర్ చేయాలి, దాని విలువ ఎంత అని కూర్చోబెట్టి చెప్పేవి తక్కువ. నేను జెన్షిన్ ఇంపాక్ట్ ఆడుతున్నాను కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. వదరింగ్ వేవ్స్, జెన్‌లెస్ జోన్ జీరో లాంటి ఆక్షన్ ఆర్పీజీలలో కూడా పద్ధతి దాదాపు ఇదే.

ముందు కోడ్ అంటే ఏంటో చూద్దాం

జెన్షిన్ ఇంపాక్ట్ 2020 సెప్టెంబర్ 28న రిలీజైంది. గేమ్ ఫ్రీ. డబ్బు వచ్చేది "విష్" నుంచి, అంటే క్యారెక్టర్లని, ఆయుధాలని లాటరీలా తీసే గాచా సిస్టమ్ నుంచి. ఒక్క విష్‌కి 160 ప్రైమోజెమ్స్ కావాలి. ఈ ప్రైమోజెమ్స్ ఆడి సంపాదించుకోవచ్చు, డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఇవి కాకుండా అప్పుడప్పుడు కంపెనీ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిపిన ఒక కోడ్ రిలీజ్ చేస్తుంది. అది ఎంటర్ చేస్తే కొన్ని ప్రైమోజెమ్స్, కొంచెం మోరా, క్యారెక్టర్ లెవల్ పెంచే పుస్తకాలు గేమ్‌లోని మెయిల్‌బాక్స్‌కి వస్తాయి.

కోడ్స్‌లో రెండు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి ఏళ్ల తరబడి పనిచేస్తూ వస్తున్న కోడ్. జెన్షిన్, గిఫ్ట్ అనే రెండు ఇంగ్లిష్ మాటల్ని మధ్యలో ఖాళీ లేకుండా కలిపి అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో కొడితే అదే ఆ కోడ్. 50 ప్రైమోజెమ్స్, 3 హీరోస్ విట్ పుస్తకాలు వస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు దీన్నే ట్రై చేయండి. పద్ధతి కూడా అలవాటవుతుంది.

రెండోది లైవ్‌స్ట్రీమ్ కోడ్స్. జెన్షిన్‌కి సుమారు 42 రోజులకి ఒక కొత్త వెర్షన్ వస్తుంది. అది వచ్చే పది పన్నెండు రోజుల ముందు "స్పెషల్ ప్రోగ్రామ్" పేరుతో ఒక లైవ్ పెడతారు. అందులో కొత్త క్యారెక్టర్లు, కొత్త మ్యాప్ చూపిస్తూ మధ్యమధ్యలో మూడు కోడ్స్ వేస్తారు. ఒక్కో దానికి 100 ప్రైమోజెమ్స్, వాటితో పాటు మోరానో, పుస్తకాలో, ఆయుధాల లెవల్ పెంచే రాళ్లో. మూడూ కలిపి 300. అసలు హడావిడంతా ఈ 300 గురించే.

అర్హత: అడ్వెంచర్ ర్యాంక్ 10

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోతారు. గేమ్ డౌన్‌లోడ్ చేసిన రోజే కోడ్ కొడితే పడదు. మీ అడ్వెంచర్ ర్యాంక్ కనీసం 10 ఉండాలి. మెయిన్ స్టోరీ క్వెస్ట్‌లు చేస్తూ, దారిలో కనిపించిన ప్రతి వేపాయింట్‌ని, స్టాచ్యూని ఓపెన్ చేస్తూ, పెట్టెలు వదలకుండా వెళ్తే ఒక వీకెండ్‌లో వచ్చేస్తుంది. చాలామంది మాన్‌స్టర్లని కొడితే ర్యాంక్ పెరుగుతుందనుకుని ఒకేచోట తిరుగుతుంటారు. దాని కన్నా మ్యాప్‌లో ముందుకెళ్తే చాలా తొందరగా పెరుగుతుంది.

ఎంటర్ చేసే రెండు దారులు

మొదటిది గేమ్‌లోనే. పైన ఎడమ మూలలో పైమోన్ బొమ్మ మీద నొక్కితే మెనూ వస్తుంది. అందులో సెట్టింగ్స్, తర్వాత అకౌంట్, అక్కడ రిడీమ్ కోడ్ అనే లైన్ పక్కన "రిడీమ్ నౌ" బటన్. నొక్కి, కోడ్ పేస్ట్ చేసి, ఎక్స్ఛేంజ్ కొట్టడమే. మీ దగ్గర ఆ ఆప్షన్ కనిపించకపోతే కంగారు పడొద్దు, రెండో దారి ఉంది.

రెండోది హోయోవర్స్ అఫీషియల్ వెబ్ పేజీ. బ్రౌజర్‌లో ఓపెన్ చేసి, లాగిన్ అయ్యి, సర్వర్ సెలెక్ట్ చేస్తే మీ క్యారెక్టర్ పేరు దానంతటదే వస్తుంది. కింద కోడ్ పేస్ట్ చేసి రిడీమ్ కొట్టాలి.

నా ఓటు రెండో దానికే. కారణం ఫోన్. జెన్షిన్ బరువైన గేమ్. మామూలు బడ్జెట్ ఫోన్‌లో గేమ్ నుంచి బయటికి వచ్చి ఇంకో యాప్‌లో కోడ్ కాపీ చేసుకుని తిరిగి వెళ్లేసరికి ర్యామ్ సరిపోక గేమ్ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. మూడు కోడ్స్‌కి మూడు సార్లు ఇదే తంతు, ఈలోపు ఫోన్ ఇస్త్రీపెట్టెలా కాలిపోతుంటుంది. వెబ్ పేజీలో అయితే గేమ్ ఓపెన్ చేయక్కర్లేదు. బస్సులో, క్యాంటీన్‌లో ఎక్కడున్నా నిమిషంలో అయిపోతుంది. రివార్డ్ మెయిల్‌లో పడి ఉంటుంది, ఇంటికొచ్చాక తీసుకోవచ్చు. మెయిల్‌కి కూడా గడువుంటుంది కాబట్టి వారాల తరబడి అలా వదిలేయకండి. కోడ్ రిడీమ్ అయింది కదా అని మెయిల్ తెరవడం మర్చిపోయినవాళ్లని నేను చూశాను.

ఎర్రర్ వచ్చిందా? చాలావరకు కారణాలు ఇవే

"ఈ సర్వర్‌లో క్యారెక్టర్ లేదు" అనే అర్థం వచ్చే మెసేజ్ చాలామందికి వస్తుంది. దీనికి రెండు కారణాలుంటాయి. మొదటిది, సర్వర్ తప్పు. జెన్షిన్‌లో నాలుగు సర్వర్లున్నాయి: అమెరికా, యూరప్, ఏషియా, ఇంకొకటి తైవాన్-హాంకాంగ్-మకావు. మన దగ్గర చాలామందిది ఏషియా. డౌట్ ఉంటే గేమ్‌లో స్క్రీన్ కింద కుడి మూలలో కనిపించే యూఐడీ చూడండి. మొదటి అంకె 6 అయితే అమెరికా, 7 అయితే యూరప్, 8 అయితే ఏషియా, 9 అయితే నాలుగోది. కొత్త ఏషియా అకౌంట్లు 18తో కూడా మొదలవుతాయి.

రెండో కారణం కొంచెం తమాషాగా ఉంటుంది. గేమ్‌లో గూగుల్‌తో లాగిన్ అయి ఉంటారు. వెబ్ పేజీలో మాత్రం ఈమెయిల్, పాస్‌వర్డ్ అని కనిపించగానే కొత్తగా రిజిస్టర్ అయిపోతారు. అప్పుడు అది వేరే అకౌంట్. అందులో క్యారెక్టర్ ఎక్కడిది? గేమ్‌లో ఏ పద్ధతిలో లాగిన్ అయ్యారో వెబ్‌లోనూ అదే వాడాలి. ప్లేస్టేషన్‌లో ఆడేవాళ్లయితే ముందు ఆ అకౌంట్‌కి ఒక ఈమెయిల్ లింక్ చేసుకోవాలి.

కోడ్ చెల్లదు అని వస్తే స్పెల్లింగ్ చూడండి. వీడియో చూస్తూ చేత్తో టైప్ చేస్తే సున్నాకీ ఇంగ్లిష్ "ఓ"కీ, ఒకటికీ "ఐ"కీ తేడా తెలీదు. కాపీ పేస్ట్ చేసినా కొన్ని కీబోర్డులు చివర్లో ఒక స్పేస్ తగిలిస్తాయి, అది తీసేయండి. ఆల్రెడీ వాడేశారు అని వస్తే అంతే, ఒక అకౌంట్‌కి ఒక కోడ్ ఒక్కసారే. కాసేపాగి ట్రై చేయమంటే మీరు బటన్ గబగబా నొక్కుతున్నారని అర్థం, కొన్ని సెకన్లు ఆగితే చాలు.

గడువు అయిపోయింది అని వస్తే మాత్రం చేసేదేం లేదు. ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. లైవ్‌స్ట్రీమ్ కోడ్స్ ఒకటి రెండు రోజుల్లో ఎక్స్‌పైర్ అయిపోతాయి, వెర్షన్ వచ్చేదాకా ఉండవు. అనౌన్స్‌మెంట్‌లో టైమ్ మన ఇండియా టైమ్‌లో ఉండదు, యూటీసీ లెక్కలో ఉంటుంది. ఒకసారి యూటీసీ 04:00 వరకు అని ఉంటే తెల్లవారుజామున 4 అనుకున్నాను. నిద్రలోంచి లేచి చూసేసరికి ఆరున్నర. అయిపోయింది కదా అని ట్రై కూడా చేయలేదు. యూటీసీకి మనం ఐదున్నర గంటలు కలపాలి. అంటే గడువు ఉదయం 9:30. ఇంకా మూడు గంటలుంది! మధ్యాహ్నం ఎవరో చెబితే గుర్తొచ్చింది, అప్పటికి నిజంగానే అయిపోయింది. అదే యూటీసీ పక్కన మైనస్ 4 అని ఉంటే మన టైమ్ కోసం తొమ్మిదిన్నర గంటలు కలపాలి. ఉదాహరణకి లైవ్ ఉదయం 8 గంటలు, యూటీసీ మైనస్ 4 అంటే మనకి సాయంత్రం 5:30. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకునేటప్పుడు ఈ లెక్క ఒకసారి చేసుకోండి.

300 అంటే ఎంత?

ఇది ఎవరూ చెప్పని లెక్క. 300 ప్రైమోజెమ్స్‌ని 160తో భాగిస్తే రెండు విష్‌లు కూడా పూర్తిగా రావు. ఏడాదికి ఎనిమిది వెర్షన్లనుకుని ఒక్క కోడ్ కూడా మిస్ కాకపోతే 2,400. అంటే 15 విష్‌లు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 5 స్టార్ క్యారెక్టర్ వచ్చే బేస్ ఛాన్స్ గేమ్‌లో రాసిందే 0.6 శాతం. పిటీ సిస్టమ్ ఉంది కాబట్టి 90 విష్‌లలోపు ఒక 5 స్టార్ గ్యారంటీ. కానీ అది మీరు కోరుకున్నదే అని గ్యారంటీ లేదు. మొదటిసారి మిస్సయితే రెండోసారి వచ్చే 5 స్టార్ కచ్చితంగా బ్యానర్‌లో ఉన్న క్యారెక్టరే. అంటే ఏమాత్రం అదృష్టం లేనివాడికి ఒక క్యారెక్టర్ కోసం 180 విష్‌లు, 28,800 ప్రైమోజెమ్స్ పట్టొచ్చు. కేవలం కోడ్స్ మీదే ఆధారపడితే పన్నెండేళ్లు! డిగ్రీ అయి, ఉద్యోగం వచ్చి, పెళ్లి కూడా అయిపోతుంది.

హీరోస్ విట్ పుస్తకాల సంగతీ అంతే. ఒక్కోటి 20,000 ఎక్స్‌పీ ఇస్తుంది. ఒక క్యారెక్టర్‌ని లెవల్ 1 నుంచి 90 దాకా తీసుకెళ్లడానికి సుమారు 420 పుస్తకాలు కావాలి. కోడ్‌లో వచ్చేవి మూడో, ఐదో.

అలాగని కోడ్స్ వదిలేయమనడం లేదు. నిమిషం పని, ఊరికే వస్తున్నాయి. కానీ అదే గేమ్‌లో రోజూ నాలుగు కమిషన్లు చేస్తే 60 ప్రైమోజెమ్స్ వస్తాయి. ఒక వెర్షన్ మొత్తానికి 2,520. వెర్షన్ అప్‌డేట్ రోజు సర్వర్ మెయింటెనెన్స్‌కి, బగ్స్‌కి కలిపి సాధారణంగా 600 మెయిల్‌లో పంపుతారు. మూడు కోడ్స్‌కి అది డబుల్, ఏ కోడూ అక్కర్లేదు, టైమ్‌కి లాగిన్ అయి మెయిల్ తీసుకుంటే చాలు. హోయోల్యాబ్ యాప్‌లో రోజూ చెక్-ఇన్ చేస్తే నెలకి ఇంకో 60. షాప్‌లో స్టార్‌డస్ట్‌తో నెలకి ఐదు ఇంటర్‌ట్వైన్డ్ ఫేట్స్ కొనుక్కోవచ్చు, అవి ఐదు విష్‌లతో సమానం. అంటే ఒక్క వెర్షన్ కోడ్స్ కన్నా ఎక్కువ. దీన్ని పట్టించుకోకుండా కోడ్ కోసం రాత్రంతా గ్రూపుల్లో వెతికేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

కంపెనీ ఈ కోడ్స్ ఎందుకిస్తుందో కూడా తెలుసుకోవాలి. రెండు విష్‌లకి కొంచెం తక్కువ ఇస్తే మనమేం చేస్తాం? "ఇంకో 20 ఉంటే రెండోది కూడా అయిపోద్ది కదా" అని లాగిన్ అవుతాం. విష్ స్క్రీన్ దాకా మనల్ని నడిపించడమే ఆ 300 పని. పిల్లలకి ఈ గాచా ఖర్చు, ఛాన్సులు అర్థం కాకుండా చూపించారనే ఆరోపణల మీద అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2025 జనవరిలో 2 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకోడానికి కంపెనీ ఒప్పుకుంది. 16 ఏళ్ల లోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకూడదన్నది కూడా ఆ సెటిల్‌మెంట్‌లో ఉంది. గేమ్ బాగుంటుంది, నేనూ ఆడుతున్నాను. కానీ "ఫ్రీ" అనే మాట చూడగానే ఈ సంగతి ఒక మూల గుర్తుండాలి.

మా తమ్ముడి కోడ్

ఇక ఆ రాత్రి సంగతి. వాడు ఉన్న ఒక చాటింగ్ గ్రూప్‌లో "1600 ప్రైమోజెమ్స్ కోడ్, ఈ రోజే లాస్ట్" అని మెసేజ్ వచ్చింది, కింద లింక్. 1600 అంటే కరెక్ట్‌గా పది విష్‌లు. మొదటి యానివర్సరీకి అంత మొత్తం మెయిల్ ద్వారా ఇచ్చారు కూడా, కాబట్టి వినడానికి నమ్మేలాగే ఉంది. కానీ అది వచ్చింది మెయిల్‌లో, కోడ్‌తో కాదు. లైవ్‌స్ట్రీమ్ కోడ్ ఒక్కోదానికి 100 దాటదని తెలిసుంటే వాడు అక్కడే ఆగేవాడు.

లింక్ నొక్కితే పేజీ అచ్చం అఫీషియల్ పేజీలానే ఉంది. అదే రంగు, అదే పైమోన్. ఈమెయిల్, పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాడు. తర్వాత "మీ మెయిల్‌కి వచ్చిన వెరిఫికేషన్ కోడ్ ఎంటర్ చేయండి" అంది. అదీ ఇచ్చాడు. అసలు దెబ్బ అక్కడే పడింది. కొత్త ఫోన్‌లోనో, కొత్త కంప్యూటర్‌లోనో ఎవరైనా లాగిన్ అయితే ఆపడానికే ఆ వెరిఫికేషన్ కోడ్ మెయిల్‌కి వస్తుంది. అవతలివాడు వీడి పాస్‌వర్డ్‌తో లాగిన్ కొడుతున్నాడు, తలుపు దగ్గర అడిగిన తాళంచెవి వీడే తీసిచ్చాడు. ఆ మెయిల్‌లో కొత్త డివైస్ లాగిన్ అని రాసే ఉంది. వీడు అంకెలు మాత్రమే చూశాడు.

"రాంగ్ పేజీ అని ఎట్ల తెల్వాలె అన్నా, సేమ్ ఉంది కదా" అన్నాడు.

పేజీ లుక్ ఎవడైనా కాపీ కొట్టగలడు, అడ్రస్ కొట్టలేడు. బ్రౌజర్ పైన అడ్రస్‌లో మొదటి స్లాష్ ఎక్కడుందో చూడండి (హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు స్లాష్‌లు లెక్కలోకి రావు). ఆ స్లాష్‌కి సరిగ్గా ముందు హోయోవర్స్ డాట్ కామ్ అని ఉండాలి. దాని ముందు ఒక చుక్క, జెన్షిన్ అనే మాట ఉండొచ్చు, పర్లేదు. హోయోవర్స్ పక్కన హైఫన్ పెట్టి గిఫ్ట్ అనో రివార్డ్ అనో తగిలించినా, డాట్ కామ్ తర్వాత ఇంకో చుక్క పెట్టి వేరే పేరు వచ్చినా అది వేరేవాడి సైట్. మా వాడు వెళ్లింది ఆ హైఫన్ రకానికి. ఫోన్ స్క్రీన్ మీద పొడవైన అడ్రస్ సగం దాక్కుంటుంది, అడ్రస్ బార్ మీద ఒకసారి నొక్కితే మొత్తం కనిపిస్తుంది. అసలు లింకులే వద్దు, ఆ పేజీని ఒకసారి బుక్‌మార్క్ చేసుకుని ప్రతిసారీ అక్కడి నుంచే వెళ్లండి. గేమ్‌లో సెట్టింగ్స్ నుంచి చేస్తే ఈ భయమే లేదు. ఇందాక వెబ్ పేజీకి ఓటు వేసినవాడిని నేనే, కానీ లింకులు నొక్కే అలవాటున్నవాళ్లు గేమ్‌లోనే చేసుకోవడం మంచిది.

ప్రైమోజెమ్ జెనరేటర్లు, "హ్యూమన్ వెరిఫికేషన్ కోసం ఈ యాప్ ఇన్‌స్టాల్ చేయండి" అనేవి, కోడ్స్ అమ్ముతామనేవి, వీటి గురించి పేజీలు నింపక్కర్లేదు. మీ ప్రైమోజెమ్స్ లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, మీ ఫోన్‌లో కాదు. బయటి యాప్ ఏదీ దాన్ని పెంచలేదు.

అదృష్టం ఏంటంటే మా వాడి జీమెయిల్ పాస్‌వర్డ్ వేరే. గేమ్‌దీ, జీమెయిల్‌దీ ఒకటే అయ్యుంటే కథ ఇంకా దూరం పోయేది. ఆ రాత్రే ఫోన్‌లో చెబుతూ వాడితో జీమెయిల్ నుంచి గేమ్ పాస్‌వర్డ్ రీసెట్ చేయించాను, లింక్ అయిన ఈమెయిల్ మారలేదని చూసుకున్నాం. అకౌంట్ దక్కింది. 14,080 మాత్రం పోయాయి. ఎవరి ఖాతాలోకో పోలేదు, ఆ సౌకర్యం గేమ్‌లో లేదు కూడా. విష్ హిస్టరీ తెరిస్తే కనిపించింది: ఆ దొంగ ఎవడో సరదాకి మొత్తం 88 విష్‌లూ స్టాండర్డ్ బ్యానర్ మీద కొట్టేశాడు. వచ్చిన 5 స్టార్ చీచీ.

జెన్షిన్ ఆడేవాళ్లకి అర్థమవుతుంది. ఎవరూ కోరుకోకుండా వచ్చే క్యారెక్టర్లలో ఆమె ఫేమస్. మనకి ఆ పేరు పలకడంలోనే సగం ఫీలింగ్ వచ్చేస్తుంది.

వాడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు, కమిషన్లతో. మొన్న స్పెషల్ ప్రోగ్రామ్ అయిన సాయంత్రం నాకు మెసేజ్ పెట్టాడు. కోడ్స్ కాదు, వాటి కింద గడువు ఉన్న స్క్రీన్‌షాట్, దాని మీద ఎర్ర గీతతో "9:30 మనది" అని రాసి.